కూలిన ఇంటి మీద ఎవరి పేరు రాస్తారు?

సిరియాను తిరిగి కట్టడానికి 21,600 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ బ్యాంకు 2025 అక్టోబరులో అంచనా వేసింది. అందులో కూలిన నివాసాల వాటాయే 7,500 కోట్లు. 2011 మార్చిలో మొదలైన ప్రజాందోళన అంతర్యుద్ధంగా మారి, పదమూడేళ్లు ఆ నేలను కాల్చి, 2024 డిసెంబరు 8న బషర్ అల్ అసద్ దేశం విడిచి పారిపోవడంతో ఒక మలుపు తిరిగింది. ఈ మధ్యకాలంలో దేశ జనాభాలో సగానికి మించినవారు ఇల్లు విడిచారు. ఇప్పుడు ప్రపంచం తన సంచి విప్పుతోంది. 2025 మార్చిలో బ్రస్సెల్స్‌లో సమావేశమైన దాతలు 580 కోట్ల యూరోల వాగ్దానం చేశారు. ప్రపంచ బ్యాంకుకు సిరియా పడిన ఒకటిన్నర కోటి డాలర్ల పైచిలుకు బకాయిని సౌదీ అరేబియా, ఖతర్ కలిసి తీర్చాయి. మే నెలలో అమెరికా, ఐరోపా దేశాలు ఆంక్షల ఎత్తివేతకు పూనుకున్నాయి.

ఇది సంతోషించదగిన విషయమే. శిథిలాల మధ్య చలికాలాలు గడిపిన తల్లికి ఒక పైకప్పు దొరుకుతుందంటే అల్‌హందులిల్లాహ్ అనని ముస్లిం ఎవరు? అయితే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాఠకుల ఎదుట ఈ విషయాన్ని పెట్టడానికి మాకు ఉమ్మతు బంధం ఒక్కటే కారణం కాదు. అరబ్బు దేశాల్లో ఏ నగరం లేచినా దాని పరంజా మీద జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల మనిషి ఒకడు ఉంటాడు. మరోవైపు, కాలిన దుకాణం ముందు నిలబడి ‘ఇది నాదే’ అని రుజువు చేసుకోవలసిన దుస్థితి ఏమిటో మన ఆదిలాబాద్‌కు తెలుసు. ఈ రెండు అనుభవాలూ ఉన్నవారికి దాతల సభలను మరో కొలతతో కొలిచే హక్కు ఉందని మా అభిప్రాయం. వాగ్దానం ఎంత అన్నది ఆ కొలత కాదు. లాభపడేవారి జాబితాలో మొదటి పేరు ఎవరిది అన్నదే ఆ కొలత.

వాగ్దానాల విలువ ఏపాటిదో ఇరాక్ ఇదివరకే చూపింది. ఐసిస్‌తో యుద్ధం ముగిశాక, 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో జరిగిన సభలో తమకు 8,800 కోట్ల డాలర్లు కావాలని ఇరాక్ కోరింది. వాగ్దానమైనవి 3,000 కోట్లు. అందులోనూ అధికభాగం అప్పులు, పెట్టుబడి హామీలు. అప్పు ఇచ్చేవాడు వడ్డీ లెక్క చూసుకుంటాడు, పెట్టుబడి పెట్టేవాడు లాభం చూసుకుంటాడు. మోసుల్ పాతబస్తీలో గోడ కూలిన ఇంటి యజమాని ఆ రెండు లెక్కలకూ వెలుపలనే ఉంటాడు.

సిరియాలో ఈ ప్రమాదం మరింత లోతైనది. అక్కడ ఇళ్లను కూల్చింది బాంబులు మాత్రమే కాదు, చట్టాలు కూడా. 2012లోనే ఒక డిక్రీతో దమాస్కస్ శివారులోని పేదల బస్తీని తొలగించి ‘మరోటా సిటీ’ పేరిట ఆకాశహర్మ్యాలకు నక్షా గీశారు. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 10వ నంబరు చట్టం దీనిని దేశమంతటికీ విస్తరించింది. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని పునర్నిర్మాణ మండలిగా ప్రకటిస్తే, యజమానులు 30 రోజుల్లో వచ్చి తమ హక్కు రుజువు చేసుకోవాలి. అప్పటికి వారిలో లక్షలాది మంది టర్కీ, లెబనాన్, జోర్డాన్ శిబిరాల్లో ఉన్నారు. తిరిగి వస్తే చెరసాల, రాకపోతే ఇల్లు పరాయిది. ప్రపంచమంతా విమర్శించాక ఆ గడువును ఏడాదికి పెంచారు. హోమ్స్ నగరంలోనైతే భూముల రిజిస్ట్రీ కార్యాలయమే 2013 జులైలో తగలబడింది. పత్రం లేదు, పత్రానికి నకలూ లేదు. అసద్ పోయాడు కనుక ఈ అధ్యాయం ముగిసిందనుకోవడం పొరపాటు. ఖాళీ చేయించిన బస్తీ మీద కొత్త పెట్టుబడిదారుడు కొత్త జెండా కింద మేడ కడితే, పాత అన్యాయమే సిమెంటు పూసుకుని స్థిరపడుతుంది. ఆ చట్టం కింద చేతులు మారిన ప్రతి స్థలాన్నీ తిరిగి విచారించాలి. దాతలు తొలి డాలరుకు పెట్టవలసిన షరతు ఇదే.

బీరూత్‌ను చూసినవారికి ఈ భయం అర్థమవుతుంది. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం తరువాత నగర నడిబొడ్డును సొలిడేర్ అనే ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. 1994లో పుట్టిన ఆ కంపెనీ పాత యజమానులకు, అద్దెదారులకు స్థలానికి బదులు వాటాపత్రాలు చేతిలో పెట్టింది. కూరగాయల అంగడి, చిల్లర దుకాణం ఉన్న చోట ఖరీదైన గాజు మేడలు లేచాయి. నగరం తిరిగి కట్టబడింది, నిజమే. నగరవాసి మాత్రం తిరిగి రాలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. అది ఐరోపా నడిబొడ్డున ఉన్న ముస్లిముల కథ. బోస్నియాలో 1992 నుంచి 1995 దాకా సాగిన యుద్ధంలో 22 లక్షల మంది చెల్లాచెదురయ్యారు. యుద్ధాన్ని ఆపిన డేటన్ ఒప్పందంలో ఏడవ అనుబంధం అంటూ ఒకటుంది. తరిమివేయబడిన ప్రతివాడికీ తన సొంత ఇంటికే తిరిగి వెళ్లే హక్కు ఉందని అది రాసిపెట్టింది. మరోచోట ఇల్లు ఇస్తాం, సర్దుకోమని అనలేదు. కాగితం మీద రాసిన ఈ మాట మొదట్లో ఏ మూలకూ రాలేదు. ఇళ్లను ఆక్రమించుకున్నవారు కదలలేదు, స్థానిక అధికారులు ఫైళ్లు కదపలేదు. 1999లో అంతర్జాతీయ ప్రతినిధి అడ్డుపడిన అధికారులను పదవుల నుంచి తొలగించడం మొదలుపెట్టాక, ఊరూరా అర్జీలను వరుస నంబరు ప్రకారం తేల్చడం మొదలైంది. 2 లక్షలకు పైగా ఇళ్ల తగాదాలు అలా పరిష్కారమయ్యాయి. 2004 నాటికి సుమారు 10 లక్షల మంది తిరిగి వచ్చినట్లు లెక్క.

ఇందులో మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటుంది. ఇల్లు తిరిగి పొందినవారందరూ యజమానులు కారు. సోషలిస్టు యుగోస్లావియాలో నగరాల ఫ్లాట్లు చాలావరకు ప్రభుత్వ, సంస్థల ఆస్తులు. అందులో నివసించేవారికి ఉన్నది నివాసహక్కు మాత్రమే. ఆ నివాసహక్కును కూడా ఆస్తిగానే గుర్తించి తిరిగి అప్పగించారు. సొంత పట్టా లేనివాడికి ఏ హక్కూ లేదన్న వాదన అక్కడ చెల్లలేదు. ఈ మాటను ఇక్కడ గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉంది.

బోస్నియా పూర్తి విజయగాథ అని మేము అనడం లేదు. ఇల్లు చేతికి వచ్చాక చాలామంది దానిని అమ్ముకుని తమవారి మధ్యకే వెళ్లిపోయారు. 1993 మే 7న నేలమట్టం చేసిన బాన్యా లూకా ఫర్హాదియా మసీదుకు 2001లో పునాదిరాయి వేయబోతే అల్లరిమూక దాడి చేసింది, ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ మసీదు తలుపులు తిరిగి తెరుచుకోవడానికి 2016 మే 7 దాకా ఆగవలసి వచ్చింది. మోస్తార్‌లో నెరెత్వా నది మీది పాతవంతెనను ప్రపంచమంతా చేయి వేసి 2004లో నిలబెట్టింది. అదే దేశంలో నేటికీ కొన్ని బడుల్లో ఒకే కప్పు కింద రెండు తెగల పిల్లలు వేర్వేరు తరగతుల్లో కూర్చుంటున్నారు. రాయిని రాయితో కలపడం సులువు.

మన దేశం కూడా ఇటువంటి పునర్నిర్మాణంలో దాతగా నిలిచిందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. శ్రీలంకలో 2009 మేలో యుద్ధం ముగిశాక భారత ప్రభుత్వం 50,000 ఇళ్ల పథకం చేపట్టింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో గుత్తేదారు చేతికి కాక, ఇల్లు కట్టుకునే కుటుంబం బ్యాంకు ఖాతాలోకే విడతలుగా అయిదున్నర లక్షల శ్రీలంక రూపాయలు జమచేశారు. ఎవరి గోడ వారే దగ్గరుండి కట్టించుకున్నారు. ఇది మెచ్చదగిన పద్ధతి. కానీ అక్కడా జాబితా ప్రశ్న వచ్చింది. 1990 అక్టోబరులో ఎల్టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి దాదాపు 75,000 మంది ముస్లిములను వెళ్లగొట్టింది. జాఫ్నా పట్టణంలోని వారికి ఇచ్చిన వ్యవధి రెండు గంటలు. పుత్తలం శిబిరాల్లో ఇరవై ఏళ్లు గడిపిన ఈ కుటుంబాలు యుద్ధం ముగిశాక ‘పాత నిర్వాసితులు’ అయిపోయాయి. చివరి యుద్ధంలో ఊరు విడిచిన ‘కొత్త నిర్వాసితులకు’ ప్రాధాన్యం, పాతవారిది వెనుక వరుస. ఇరవై ఏళ్లలో నలుగురి కుటుంబం పదిమంది అయింది, ఊళ్లోని స్థలం అడవి అయింది, పేరు జాబితా నుంచి జారిపోయింది. ఇందులో తమిళ కుటుంబాల తప్పు లేదు, వారి దుఃఖం చిన్నదీ కాదు. ఎక్కువకాలం కష్టపడినవాడు ఎక్కువ మరుగున పడతాడన్నదే ఇక్కడి విషాదం. పాలస్తీనా శరణార్థికీ, రేపటి సిరియా శరణార్థికీ పొంచి ఉన్న గతి ఇదే.

సహాయం ఎలా ఉండాలన్న ప్రశ్నకు మనకు మదీనా నగరమే పాఠశాల. మక్కాలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన ముహాజిర్లకు, మదీనా అన్సార్లకు మధ్య దైవప్రవక్త (స) సోదరబంధం కలిపారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం తీసుకోమని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను కోరారు. ఆయన దీవించి, అంగడికి దారి చూపమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు ముద్దలతో మొదలైన ఆ వ్యాపారం కొద్దికాలంలోనే ఆయనను నిలబెట్టింది. ఇచ్చేవాడి ఉదారతను మనం తరచూ ఖుత్బాల్లో వింటాం. అడిగినవాడి ఆత్మగౌరవాన్ని కూడా అంత వివరంగా వినవలసి ఉంది. అక్కడ అంగడి తెరచి ఉంది, కొత్తగా వచ్చినవాడు అందులో కూర్చోవచ్చు. ఆ అవకాశమే లేకపోతే సగం సంపద ఇచ్చినా ముహాజిరు జీవితాంతం అతిథిగానే మిగిలేవాడు.

ఇక ఆ అంగడిని, ఆ ఇంటిని కట్టే కూలీ మాట. ఇరాక్ చమురు బావులకు, అర్బీల్ మేడలకు సెంట్రింగ్, స్టీల్ ఫిక్సింగ్, మేస్త్రీ పనులకు మన జిల్లాల వారు పోవడం కొత్త కాదు. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ వశమైనప్పుడు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల ఇళ్లలో ఫోను మోగితే గుండె ఆగినంత పనయ్యేది. మనవారు అనేకులు వట్టి చేతులతో తిరిగివచ్చారు. మోసుల్‌లో పట్టుబడిన 39 మంది భారతీయ నిర్మాణ కార్మికులు మరణించారని పార్లమెంటులో ప్రకటన వెలువడడానికి 2018 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. వారు పంజాబ్, హిమాచల్, బీహార్, బెంగాల్ బిడ్డలు. ఆ 39 మందిలో మన జిల్లా పేరు లేకపోవడం అదృష్టమే తప్ప రక్షణ కాదు.

సిరియాలో పనులు ఊపందుకుంటే ఏజెంట్లు మన ఊళ్లకు రావడం ఎంత దూరం? యువకులు ఈ మాట బాగా వినాలి. పదో తరగతి పూర్తికాని వారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమని ముద్ర ఉంటుంది. ఆ అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల్లో ఇరాక్, లిబియా, యెమెన్, సూడాన్‌లతో పాటు సిరియా కూడా ఉంది. అనుమతి పొంది వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది, ఒప్పందపత్రం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము పన్ను కాక 30,000 రూపాయలు. లక్షలు అడిగి విజిట్ వీసా చేతిలో పెట్టేవాడు ఏజెంటు కాడు. విజిట్ వీసా మీద దిగినవాడు అకామా లేక ఖల్లివెల్లి అవుతాడు, ప్రభుత్వ జాబితాలో అతడు లేనేలేడు. లేని మనిషిని వెతికేదెవరు?

కార్మికుడి పేరు కూడా అంతర్జాతీయ జాబితాలో మొదట నిలిచిన సందర్భం చరిత్రలో ఒకటుంది. 1990లో కువైట్ ఆక్రమణ తరువాత ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన పరిహార కమిషన్, ప్రభుత్వాల కన్నా కంపెనీల కన్నా ముందు వ్యక్తుల క్లెయిములను తేల్చింది. పెట్టె, జీతం, పని వదులుకుని పారిపోయివచ్చిన వంటవాడికి, డ్రైవరుకు ముందు చెల్లించి, చమురు కంపెనీని ఆఖరున నిలబెట్టింది. దాదాపు 15 లక్షల మంది క్లెయిమ్‌దారులకు 5,240 కోట్ల డాలర్లు చెల్లించి 2022 జనవరిలో చివరి వాయిదా ముగించింది. లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చిన ఆ సంవత్సరం మన ఇళ్లలో ఇంకా జ్ఞాపకమే. ఆ డబ్బు ఇరాక్ చమురు రాబడి నుంచి వచ్చిందని, ఆంక్షల కింద అక్కడి బిడ్డలు పస్తులున్న కాలమది అని కూడా మరువకూడదు. ఒక పేదవాడికి న్యాయం మరో పేదవాడి పళ్లెంలోంచి జరగడం మాకు సమ్మతం కాదు. అయినా చెల్లింపుల వరుస మాత్రం సరైనది. ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగే పనుల్లో శ్రామికుల వేతనాలకు, ఫిర్యాదులకు ఆ బ్యాంకు సొంత నియమాలు 2018 నుంచి అమల్లో ఉన్నాయి. సిరియా పనులకు కూలీలను పంపేముందు ఆ నియమాలను ఒప్పందంలో రాయించడం మన విదేశాంగ శాఖ బాధ్యత. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల సహాయమని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును, ఇటువంటి యుద్ధపీడిత దేశాలకు కూడా వర్తింపజేయాలని మేము కోరుతున్నాము.

ఇంతసేపు పరాయి దేశాలకు పెట్టిన కొలతను ఇంటికి కూడా పెట్టి చూడాలి. అంతర్యుద్ధానికీ మన గడ్డ మీద జరిగినదానికీ పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు, పెడితే అది అతిశయోక్తి అవుతుంది. కానీ పునర్నిర్మాణ ప్రశ్న ఒకటే. 1948 ఆగస్టులో హైదరాబాద్ రాజ్యం తన గోడును భద్రతామండలికి చెప్పుకుంది. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్యతో ఆ రాజ్యం ముగిసింది. సార్వభౌమత్వం గురించి ప్రపంచం కొన్ని రోజులు చర్చించింది. అంతకు ముందు రజాకార్లు గ్రామాల మీద చేసిన దౌర్జన్యాలు నిజం, వాటిని మేము దాచము. ఆ తరువాత జరిగిన మారణకాండ కూడా నిజం. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 మధ్య ఉంటుందని అంచనా కట్టింది. అతి దారుణంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో ఒకటి ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. బోస్నియాలో వలె ఇల్లు విడిచినవారి పేర్లు, ఇళ్లు, పొలాలు నమోదుచేసి తిరిగి అప్పగించే కమిషన్ ఏదీ ఏర్పడలేదు. ఊళ్లు వదిలి పట్టణాలకు చేరినవారు రిక్షా తొక్కుతూ, బీడీలు చుడుతూ తమను తామే తిరిగి కట్టుకున్నారు.

అది పాతకాలం అందామంటే, 2024 సెప్టెంబరు 4న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో జరిగినది నిన్నటి మాట. ఒక ఆదివాసీ మహిళపై అత్యాచారయత్నం, హత్యాయత్నం జరిగిందన్న అభియోగంపై ఒక ఆటో డ్రైవరు అరెస్టయ్యాడు. ఆ సోదరికి పూర్తి న్యాయం జరగాలి, నేరం రుజువైతే చట్టం విధించే కఠిన శిక్ష పడాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ నేరంతో సంబంధం లేనివారి దుకాణాలు, ఇళ్లు, ప్రార్థనాస్థలం దాడికి గురయ్యాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సరుకు ఒక్క రోజులో బూడిదైంది.

అక్కడ సమస్య సున్నితమైనది. జైనూర్ షెడ్యూల్డ్ ప్రాంతం. ఆదివాసీల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా కాపాడే 1/70 నిబంధన అమల్లో ఉన్న నేల. దానిని సడలించమని అడిగే సంఘాలు మనలోనూ ఉంటే, వారితో మేము ఏకీభవించము. భూమి పోగొట్టుకున్న గోండు రైతు బాధ ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న తూటాల ముందుకు వచ్చింది, దానిని గౌరవించకుండా మన బాధను గౌరవించమని అడగలేము. అయితే పట్టా లేనంత మాత్రాన అద్దె దుకాణదారుకు హక్కేమీ లేదనడం అన్యాయం. బోస్నియా ఫ్లాట్ల సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. భూమి హక్కు వేరు, కాలిపోయిన సరుకు, యంత్రం, వాహనం, జీవనోపాధి వేరు. రెండవదానికి పరిహారం చెల్లించడానికి, తిరిగి తలుపు తెరిచే దుకాణానికి రక్షణ కల్పించడానికి 1/70 ఎక్కడా అడ్డురాదు.

జిల్లా యంత్రాంగం నష్టపోయిన ప్రతి కుటుంబం పేరుతో, నష్టం విలువతో, చెల్లించిన మొత్తంతో కూడిన జాబితాను బహిరంగంగా ప్రకటించాలి. ఆదివాసీ పెద్దలు, ముస్లిం పెద్దలు, అధికారులు కలిసి కూర్చునే కమిటీ ఎదుటనే ఆ జాబితా ఖరారు కావాలి. ఆ కమిటీలో రెండు వైపుల మహిళలకూ చోటు ఉండాలి. నష్టపోయినవారు ఈ లోగా ఒక పని చేయాలి. అద్దె రసీదు, కరెంటు బిల్లు, గ్రామపంచాయతీ లైసెన్సు, సరుకు తెచ్చిన హోల్‌సేల్ చిట్టీ, బ్యాంకు అప్పు పుస్తకం, దుకాణం ముందు పండుగ నాడు తీసుకున్న ఫోటో, ఏది దొరికినా సరే మూడేసి నకళ్లు తీయించి, ఒకటి ఊరు వెలుపల ఉన్న బంధువు దగ్గర ఉంచాలి. కాలిపోయినవాటికి బ్యాంకు నుంచి, పంచాయతీ నుంచి, హోల్‌సేల్ వ్యాపారి నుంచి రెండో ప్రతి అడగాలి. చదువుకున్న యువకులు ఒక ఆదివారం కేటాయించి, చదవలేని వారి తరఫున ఈ అర్జీలు రాసిపెట్టాలి.